దురదే కదా, ఓర్చుకో అనకండి

ఆవకాయ రోజులు వచ్చాయంటే మా ఇంట్లో పెళ్లి హడావుడే. కాయలు దింపించుకోవడం, నీళ్లలో వేసి కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం, జీడి తీసి పొర ఒలవడం, ఇంటిల్లిపాదికీ పనే. రెండేళ్ల క్రితం సరిగ్గా ఆ రోజుల్లోనే మా చెల్లెలి కూతురు పురిటికని పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. మా చెల్లెలూ నేనూ ఒకే వీధిలో ఉంటాం. ఆవకాయ ఎప్పుడూ మా పెరట్లోనే పెడతాం. "ఊరికే కూర్చుంటే తోచడం లేదు పెద్దమ్మా, కాయలు తుడిచే పని నాకివ్వు" అంది. బరువెత్తే పని కాదు, ఎండలో పని కాదు, సరేనన్నాం. ముచ్చికలు తుంచుతూ, కాయలు తుడిచి గంపలో వేస్తూ గంటన్నర కూర్చుంది. మధ్యలో చెమట పడితే అదే చేత్తో మెడ తుడుచుకుంది.

మూడో రోజు పొద్దున్నకి ముంజేతుల మీద గీతలు గీసినట్టు ఎర్రగా దద్దుర్లు లేచాయి. మధ్యాహ్నానికి సన్నటి నీటి పొక్కులు. రాత్రికి మెడంతా మంట, దురద. పాపం పిల్ల గోళ్లతో గోక్కోలేక, గోక్కోకుండా ఉండలేక తెల్లవార్లూ కూర్చునే ఉంది.

ఇక మొదలైంది చూడండి మా ఇంటి వైద్యం. మా అమ్మ "వేడి చేసింది, సబ్జా గింజలు తాగించండి" అంది. పక్కింటి పిన్నిగారు దిష్టి అన్నారు. మా తోడికోడలు కొబ్బరినూనెలో కర్పూరం కలుపుకొచ్చింది. మా మరిది మందుల షాపుకి వెళ్లి "దురదకి మంచి ట్యూబు ఇవ్వండి" అని అడిగి ఒకటి పట్టుకొచ్చాడు. కడుపుతో ఉన్న అమ్మాయికి అని ఆయన చెప్పలేదు, షాపతను అడగలేదు. ఇన్ని చేసిన వాళ్లమే, చివరికి అందరం కలిసి అన్నమాట ఒకటుంది. "కడుపుతో ఉన్నప్పుడు దురదలు మామూలేనే, ఓర్చుకో."

ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. మన ఇళ్లలో గర్భిణికి దురద అంటే రెండు తప్పులు చేస్తాం. ఒకటి, తేలిగ్గా తీసేస్తాం. రెండోది, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి రాసేస్తాం. ఈ రెండింటి మధ్యా, అసలు దురద పడుతున్న పిల్లని కూర్చోబెట్టి "ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం ముట్టుకున్నావు, ఎలా ఉంది" అని అడిగే మనిషి ఉండదు. ఆ అడగడమే సగం వైద్యం అని నా అభిప్రాయం.

ముందు అసలు సంగతి చెప్పుకుందాం. మామిడికాయ ముచ్చిక దగ్గర చిమ్మే సొనలోనూ, తొక్కలోనూ చర్మానికి పడని జిడ్డు పదార్థం ఉంటుంది. మామిడి, జీడిమామిడి, చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి, అమెరికాలో ఉండే పాయిజన్ ఐవీ అనే తీగ, ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పాయిజన్ ఐవీలో ఉండే జిడ్డుని ఉరుషియాల్ అంటారు. జపాన్‌లో లక్కపూత తీసే ఉరుషి చెట్టు పేరు మీద వచ్చిన మాట అది. మామిడి సొనలో ఉండేది దానికి దగ్గరి చుట్టం. నల్లజీడితో గుర్తు పెట్టిన బట్ట కట్టుకుంటే మెడ దగ్గరో నడుము దగ్గరో పుండు పడడం మన పెద్దవాళ్లకి తెలిసిందే. పలాస వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లగా కాలినట్టు అయిపోవడం కూడా ఆ పిక్క పెంకులోని నూనె వల్లే.

ఈ దురదకి ఓ తిక్క గుణం ఉంది. ముట్టుకున్న వెంటనే రాదు. ఒకరోజుకో రెండు మూడు రోజులకో వస్తుంది. అందుకే కాయలు తుడిచిన రోజు ఎవరికీ గుర్తు రాదు, నిన్న తిన్న వంకాయ మీదకి నెపం వెళ్తుంది. ఇంకోటి, మొదటిసారి తగిలినప్పుడు ఏమీ కాకపోవచ్చు. ఒంటికి అది పడదని ఒకసారి తెలిశాక, తర్వాత తగిలినప్పుడు పేలుతుంది. కాబట్టి "నేను ముప్పై ఏళ్లుగా కోస్తున్నాను, నాకేం కాలేదే" అనే మాట ఇక్కడ పనికిరాదు. మీకు కానిది మీ కోడలికి కావచ్చు, మీకే వచ్చే ఏడు కావచ్చు.

కడుపులో బిడ్డ గురించి భయపడేవాళ్లకి ఒక ఊరట. ఈ దద్దురు తల్లి చర్మం మీది గొడవే, అది బిడ్డకి పాకదు. పొక్కులు చితికి నీరు కారినా, ఆ నీటి వల్ల ఒంట్లో ఇంకోచోటికి పాకడం, పక్కవాళ్లకి అంటడం ఉండదు. రోజుకో కొత్తచోట వస్తోందంటే, తక్కువ సొన తగిలినచోట ఆలస్యంగా లేస్తోందని అర్థం. లేదా సొన అంటిన చీర, కత్తిపీట, తువ్వాలు ఇంకా కడగకుండా వాడుతున్నారని అర్థం. మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతటదే మానిపోతుంది. మనం చేయాల్సిందల్లా ఆ రెండు మూడు వారాలూ పిల్ల నిద్రపోయేలా చూడడం, పుండ్లు చెడకుండా కాపాడడం.

ఆ రోజుల్లో మేము నేర్చుకున్నది, డాక్టరమ్మ చెప్పింది కలిపి రాస్తాను.

సొన తగిలిందని తెలిసిన క్షణంలోనే లేచి, సబ్బుతో చల్లటి నీళ్లలో బాగా కడుక్కోవాలి. ఎంత త్వరగా కడిగితే అంత మంచిది, కొన్ని నిమిషాల్లోనే ఆ జిడ్డు చర్మంలోకి దిగిపోతుంది. గోళ్ల సందులు మర్చిపోవద్దు. పీచుతో గరగరా రుద్దొద్దు. గాజులు, ఉంగరం, నల్లపూసలు, పసుపుతాడు కూడా కడగాలి. తాడులో సొన పీల్చుకుని ఉంటే మెడ మళ్లీ మళ్లీ పేలుతుంది. మా పిల్లకి మెడ ఎందుకు తగ్గడం లేదో నాలుగో రోజుకి గానీ మాకు తట్టలేదు, తాడు మార్చాక నిమ్మళించింది. కట్టుకున్న బట్టలు విడిగా ఉతకాలి.

దురదకి అన్నిటికన్నా మంచి మందు చల్లటి తడిగుడ్డ. శుభ్రమైన పాత నూలు గుడ్డని చల్లటి నీళ్లలో ముంచి పిండి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేసి ఉంచాలి. రోజుకి ఎన్నిసార్లయినా వేయొచ్చు. ఇందులో బిడ్డకి భయపడాల్సింది ఏమీ లేదు. తర్వాత కాలమిన్ లోషన్. గులాబీ రంగులో ఉండే ఈ లోషను గర్భిణులు పైపూతగా వాడుకోవచ్చు. స్నానం గోరువెచ్చటి నీళ్లతో చేయాలి. ఓట్స్ మెత్తగా పొడి చేసి నీళ్లలో కలుపుకుని పోసుకున్నా హాయిగా ఉంటుంది. గోళ్లు కురచగా కత్తిరించుకోవాలి. వదులు నూలు బట్టలు, వీలైతే రాత్రి చేతులకి నూలు తొడుగులు. పొక్కులు ఎండి చర్మం బిగుసుకునే దశలో పేరిన కొబ్బరినూనో వాసెలినో పల్చగా రాస్తే పగుళ్లు రావు.

ఇవన్నీ చేసినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి వెనకాడొద్దు. "కడుపుతో ఉంటే ఏ మందూ వాడకూడదు" అనే మాట మన ఇళ్లలో మంత్రంలా వినిపిస్తుంది. అది నిజం కాదు. తక్కువ ఘాటున్న హైడ్రోకార్టిసోన్ లాంటి పూతలు, ఎప్పటినుంచో గర్భిణులకి ఇస్తూ వస్తున్న దురద మాత్రలు ఉన్నాయి. ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది నెలలు చూసి డాక్టరు చెప్తారు. నిద్ర లేక, తిండి సహించక వారం రోజులు నరకం చూడడం బిడ్డకి మేలు చేస్తుందా? నొప్పి ఓర్చుకోవడం మంచి తల్లికి లక్షణం అనే ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో గానీ, దాన్ని మన తరంతో ఆపేద్దాం.

ఇప్పుడు చేయకూడనివి. ఇక్కడే మావాళ్లందరికీ అక్షింతలు పడ్డాయి.

మా మరిది తెచ్చిన ట్యూబు చూసి డాక్టరమ్మ తల పట్టుకున్నారు. మూడు నాలుగు మందులు కలిపిన పూత అది, అందులో క్లోబెటసాల్ అనే బాగా ఘాటైన స్టెరాయిడ్ ఉంది. ఇలాంటివి మన మందుల షాపుల్లో చీటీ అడక్కుండానే ఇచ్చేస్తుంటారు. రాయగానే మంత్రం వేసినట్టు దురద తగ్గుతుంది, అందుకే ఇంటింటా ఒకటి ఉంటుంది. కానీ ఇష్టం వచ్చినట్టు రాస్తే చర్మం పల్చబడిపోతుంది. గర్భిణులు ఘాటైనవి ఎక్కువ మేర, ఎక్కువ రోజులు రాస్తే బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉందని డాక్టర్లు జాగ్రత్త చెప్తారు. ఒకటి రెండుసార్లు రాసినందుకు కంగారు పడక్కర్లేదు, ఆపేసి చెప్పండి చాలు అన్నారావిడ. పూత మందే కదా, కడుపులోకి పోదు కదా అనుకోకండి. చర్మం చిట్లి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది.

కర్పూరం కూడా అంతే. చల్లగా అనిపిస్తుంది, కానీ అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణులకి, అందులోనూ చిట్లిన పొక్కుల మీద, వద్దే వద్దు. సున్నం, కిరసనాయిలు, నిమ్మరసం రాయడం పుండు మీద కారం చల్లినట్టే. పనస జిగురుకి కిరసనాయిలు పూసే అలవాటు చాలామందికి ఉంది, దాన్ని చర్మం మీదికి తేకండి. వేపాకు ముద్ద, పసుపు ముద్ద పొక్కులున్న చోట మెత్తితే కొందరికి మంట ఇంకా పెరుగుతుంది. రక్తం శుభ్రపడుతుందని వేపరసం, పేరు తెలియని చూర్ణాలు, కషాయాలు కడుపుతో ఉన్నవాళ్లచేత తాగించొద్దు. మరిగే నీళ్లు పోసుకుంటే ఆ నిమిషానికి హాయి, గంట తిరక్కుండా దురద రెట్టింపు. పొక్కులు సూదితో పొడవొద్దు.

పెద్దవాళ్ల మాటలన్నీ కొట్టిపారేయమని కాదు నా ఉద్దేశం. కాయలు కోసే ముందు చేతులకి నూనె పట్టించుకోమనేది మా అమ్మమ్మ. జీడిపిక్కలు కొట్టేవాళ్లూ చేతులకి నూనె, బూడిద పట్టించుకునే కూర్చుంటారు. తడిగుడ్డ కూడా ఆవిడ వైద్యమే. ఇవి పనికొచ్చేవి, ఉంచుకుందాం. హాని చేసేవి వదిలేద్దాం. రెండూ అమ్మమ్మ చెప్పినవే కదా అని ఒకే గాటన కట్టకూడదు.

ఏ మొక్క దురదో తెలుసుకోవడం కూడా కష్టమేం కాదు. కంద, చేమదుంప తరిగితే దురద అప్పటికప్పుడే వస్తుంది, కొన్ని గంటల్లో పోతుంది. అందులో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి, కడిగేసి ఊరుకుంటే చాలు. దూలగొండి కాయ మీది నూగు తగిలినా వెంటనే ఒళ్లు మండిపోతుంది. గోకితే నూగు ఇంకా దిగుతుంది. అతికించే టేపుని మెల్లగా వేసి లాగి, తర్వాత నీళ్లు పోయాలి. వయ్యారిభామ గడ్డి పడనివాళ్లకి ముట్టుకోకపోయినా ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దద్దుర్లు తేలతాయి. ఎండిన గడ్డి పొడి గాలిలో వచ్చి పడుతుంది. అలాంటి వాళ్లు కడుపుతో ఉన్నప్పుడు ఆ గడ్డి పీకే చోటికి పోకూడదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి పురుడు పోయడానికి వెళ్లే అమ్మలకి కూడా ఒక మాట. పెరటి కంచెల పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర ఒక్కో కాడకి మూడేసి ఆకులతో పాకే తీగ కనిపిస్తే చెయ్యి పెట్టకండి. అదే పాయిజన్ ఐవీ. మామిడి సొనకి చెప్పిన జాగ్రత్తలే దానికీ, ఇంకాస్త గట్టిగా. పీకి చెత్తతో పాటు తగలబెడితే ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోయి పెద్ద ప్రమాదం తెస్తుంది. దానికి పేలినవాళ్లకి మామిడి తొక్క కూడా పడకపోవడం తరచుగా జరుగుతుంది, కాబట్టి మామిడిపండు ఇంకొకరు చెక్కు తీసి కోసి ఇస్తే మేలు. పెదవులు ఉబ్బితే అదీ మానేయాలి.

ఇక అసలు ఈ వ్యాసం రాయించిన సంగతి. పన్నెండు రోజులకి మా పిల్ల చేతులూ మెడా మానిపోయాయి. హమ్మయ్య అనుకున్నాం. మరో నాలుగు వారాలకి మళ్లీ దురద అంది. ఈసారి అరచేతులు, అరికాళ్లు. రాత్రి పడుకుంటే మొదలు. చూస్తే దద్దురు లేదు, పొక్కు లేదు, గోకిన గీతలు తప్ప ఏమీ లేదు. "ఆ సొన ఇంకా ఒంట్లోంచి పోలేదు" అని తీర్మానించేశాం. మిగిలిన కాలమిన్ సీసా చేతికిచ్చాను నేను. మూడు రాత్రులు చూసి ఆ పిల్లే అంది, "పెద్దమ్మా, ఇది ఆ దురద కాదు. అది పైన ఉండేది. ఇది లోపల్నుంచి వస్తోంది. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా, నేనే వెళ్లనా?"

వెళ్లాం. డాక్టరమ్మ అరచేతులు అనగానే రక్తపరీక్ష రాశారు. లివర్ పరీక్ష, పైత్యరస ఆమ్లాల పరీక్ష. రెండూ ఉండాల్సినదానికన్నా ఎక్కువ వచ్చాయి. గర్భిణుల్లో కొందరికి చివరి నెలల్లో లివర్ నుంచి పైత్యరసం సరిగా కదలక రక్తంలో చేరుతుందట. కొలెస్టాసిస్ అంటారు. తల్లికి దురదే గానీ, ఆ ఆమ్లాలు మరీ పెరిగిపోతే కడుపులో బిడ్డ ప్రాణానికి ముప్పు. మందు రాశారు, పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించారు, 37 వారాలు నిండాక నొప్పులు వచ్చేలా చేసి కాన్పు చేశారు. ఆడపిల్ల. కాన్పయిన కొన్నాళ్లకే తల్లి దురద మాయమైంది. వచ్చే కాన్పులోనూ ఇది రావచ్చు, ముందే చెప్పుకోండి అన్నారు.

ఆ పిల్ల మా మాట విని ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆవకాయ జాడీ మూత తీసినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది.

అందుకని ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్లంతా ఇవి గుర్తుపెట్టుకోండి. దద్దురు లేకుండా దురద, ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లు, రాత్రిళ్లు ఎక్కువ కావడం, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో పోవడం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే పగలనీ రాత్రనీ చూడకూడదు. మొక్క దద్దురే అయినా ముఖానికి, కళ్ల దగ్గరికి, మర్మాంగాలకి పాకినా, ఒంట్లో చాలా మేర వచ్చినా, చీము పట్టి జ్వరం వచ్చినా, వారం పది రోజులైనా తగ్గుముఖం పట్టకపోయినా ఇంట్లో కూర్చోవద్దు. నాలుక, పెదవులు ఉబ్బి ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. పొట్ట మీద చారల వెంబడి ఎర్రటి దద్దుర్లు చివరి నెలల్లో కొందరికి వస్తాయి, చాలావరకు ప్రమాదం లేనివే. కానీ ప్రమాదం లేదని చెప్పాల్సింది డాక్టరు, పక్కింటి పిన్నిగారూ కాదు, నేనూ కాదు.

మన ఇళ్లలో గర్భిణికి ఏం తినాలో చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. ఎలా పడుకోవాలో చెప్పేవాళ్లు ఇంకో పదిమంది. వాళ్లలో ఒక్కరు ఆ పిల్ల చెప్పేది వింటే చాలు. ఒళ్లు ఆ పిల్లది. "ఇది వేరే దురద" అని ఆ పిల్ల అంటే, అది వేరే దురదే.

ఈ ఏడు కూడా మా పెరట్లోనే ఆవకాయ పెట్టాం. మా పిల్ల కూతురు గంప చుట్టూ తిరుగుతూ కాయలు పట్టుకోబోతే, వాళ్లమ్మ ముందే దాని చేతులకి నూనె రాసి, పక్కన సబ్బు నీళ్ల బకెట్టు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ముచ్చికలు తుంచే పని మాత్రం ఇద్దరికీ ఇవ్వలేదు.